కొలంబస్ దగ్గరి తమ్ముడు

పోయిన వారం మా ఆయన ఆఫీసు నుంచి ముందే ఇంటికొచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, "మీ తమ్ముడు పోయాడట. పొద్దున డ్యూటీకి తయారవుతుంటే ఛాతీలో నొప్పన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. పార్కులో పనిచేసే వాళ్ళెవరో ఫోన్ చేశారు," అన్నాడు.

నాకు తోడబుట్టిన తమ్ముళ్ళు లేరు. ఉన్నది ఒక్క అక్క, బెంగుళూరులో ఉంటుంది. అయినా ఏ తమ్ముడని నేను అడగలేదు. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తయ్య గిన్నె పక్కన పెట్టి, "ఎవరూ, మన కొలంబస్ అబ్బాయేనా?" అంది. మా ఆయన తలూపాడు. ఆవిడ మళ్ళీ గిన్నె తీసుకుంది గానీ ఈనెలు తీయలేదు. కాయలు ఊరికే అటూ ఇటూ కలుపుతూ కూర్చుంది.

ఘట్‌కేసర్ దాటాక రింగు రోడ్డుకు అవతల ఒక పార్కు ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మీలో కొందరైనా వెళ్ళే ఉంటారు. అక్కడ ఊగే పెద్ద పడవ ఉంటుంది, అందరూ కొలంబస్ అంటారు. దాని దగ్గర పసుపుపచ్చ టీషర్టు, టోపీ, కొంచెం ముందుకొచ్చిన పొట్టతో ఒకాయన నిలబడి ఉండేవాడు. జనాన్ని వరసగా కూర్చోబెట్టడం, ఒళ్ళోకి ఇనుప కడ్డీ దించడం, అది సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు అరచేత్తో తట్టడం, ఆ తర్వాత చిన్న గదిలోకెళ్ళి మీట నొక్కడం అతని పని. అంతవరకే చేసి ఊరుకుంటే ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన పని నాకు ఉండేది కాదు.

మేం ఆ పార్కుకు వెళ్ళింది ఒకే ఒక్కసారి. పాప అప్పుడు నాలుగో తరగతి, ఇప్పుడు ఇంటర్. నాచారంలో అప్పుడూ ఇప్పుడూ అదే రెండు గదుల పోర్షను. నేను పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షనులో పనిచేస్తాను. రోజంతా నిలబడి చేసే పని. అలసట గురించి రాయమంటే నాకు చెయ్యి తిరిగిన విషయమే.

మామయ్య పోయాక అత్తయ్య గుంటూరు వైపు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. మా ఇద్దరి మధ్య పెద్ద గొడవంటూ ఏమీ జరగలేదు. నేను తోమిన గిన్నెలు ఆవిడ మళ్ళీ కడిగేది. ఆవిడ ఆరేసిన చీర నేను తీసి ఇంకో తీగ మీద వేసేదాన్ని. అలా అలా మాటలు తగ్గిపోయి, చివరికి పాప ద్వారానే అన్నీ నడిచేవి. "మీ అమ్మని గ్యాస్ కట్టేయమను" అని ఆవిడ, "నాన్నమ్మని మందులు వేసుకోమను" అని నేను. మేమిద్దరం అదే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేవాళ్ళం. పాప మా ఇద్దరి మధ్య కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, తల ఎత్తకుండానే మాటలు అటూ ఇటూ అందించేది.

ఆ వేసవి అయ్యాక అత్తయ్యను గుంటూరులో మా ఆడపడుచు ఇంటికి పంపేయాలని నిర్ణయమైపోయింది. అక్కడ ఆవిడకు సుఖం ఉండదని అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా ఎవరూ పైకి అనలేదు. సెలవులకు ఊటీ వెళ్దామనుకున్నాం గానీ నాకు లీవు దొరకలేదు. ఊటీ కాస్తా పార్కు అయ్యింది, వారం కాస్తా ఒక్క రోజయ్యింది. "అమ్మ వెళ్ళిపోయే ముందు అందరం ఒకసారి బయటికి వెళ్ళినట్టు ఉంటుంది," అన్నాడు మా ఆయన. అలాంటి మాట చెప్పి తీసుకెళ్ళే విహారానికి ఎవరికి కాళ్ళు కదులుతాయి చెప్పండి.

వెళ్ళడం వెళ్ళడమే గొడవతో మొదలైంది. అత్తయ్య తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. గేటు దగ్గర బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. పారేయడానికి ఆవిడ ప్రాణం ఒప్పలేదు. గేటు పక్కన గోడ నీడలో నలుగురం నిలబడి, అప్పటికి ఎవరికీ ఆకలి లేకపోయినా, డబ్బా ఖాళీ అయ్యేదాకా పులిహోర తిన్నాం. ఒక్కరూ బావుందనలేదు. నిజానికి చాలా బావుంది.

లోపలికెళ్ళాక నాకు దొరికిన పదవి సంచి మనిషి. మీరు ఏ పార్కుకైనా వెళ్ళి చూడండి, ప్రతి కుటుంబంలో ఒక ఆడమనిషి ఉంటుంది. తడిసిన తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు, అందరి ఫోన్లు, పర్సులు ఒళ్ళో పెట్టుకుని ఏ ఆటా ఎక్కకుండా కూర్చుని ఉంటుంది. అడిగితే "నాకివన్నీ పడవమ్మా" అంటుంది. పడవో లేదో ఆమెకే తెలియదు, ఎప్పుడూ ఎక్కి చూసి ఉండదు. ఆ రోజు కొలంబస్ పక్కన బెంచీ మీద నేను ఒక చివర, మోకాళ్ళు నొక్కుకుంటూ అత్తయ్య ఇంకో చివర, నడుమ సంచి. మా ఆయన, పాప క్యూలో ఉన్నారు.

పడవ దగ్గరున్న మనిషి కమ్మీ మీద చేతులానించి మమ్మల్ని కాసేపు చూశాడు. అప్పుడే మా ఆయన పడవ మెట్టు మీద కాలు పెట్టాడు. అంతమందిలో ఆయన్ని ఆపి, "ఏంది బావా, నువ్వొక్కనివే ఊగుతవా? మా అక్క ఏం పాపం జేసింది? సంచులకు కావలి పెట్టినవు," అన్నాడు.

మా ఆయన మొహం ఎర్రబడింది. మా వైపు బావ అని పిలవాలంటే వరస ఉండాలి. ఈ వైపు స్నేహితుణ్ణి కూడా బావ అంటారని ఇన్నేళ్ళు నాచారంలో ఉండి కూడా ఆయనకు ఒంటబట్టలేదు. "ఎవరయ్యా నీకు బావ?" అన్నాడు.

"మా అక్క మొగుడు నాకు బావ గాక బాబాయి అయితడా?" అని అతను. క్యూలో వాళ్ళు నవ్వారు. అతను నన్ను చూసి చెయ్యూపాడు. "లే అక్కా. సంచి బావకు ఇయ్యి. అమ్మను గూడ లేపు, ఆమెను గూడ ఎక్కిద్దాం."

అత్తయ్య చప్పున తల తిప్పింది. "నేను దీని అమ్మను కాదు నాయనా. అత్తను," అంది.

ఈసారి క్యూ అంతా గొల్లుమంది. ఎందుకంటే నన్ను అక్కను చేసి, మా ఆయన కన్నతల్లిని నాకు అమ్మను చేస్తే, మొగుడూ పెళ్ళాలం కాస్తా అన్నాచెల్లెళ్ళమైపోయాం. అతను నాలుక్కరుచుకుని, అందరి ముందూ చెంపలేసుకున్నాడు. "తప్పైంది అత్తమ్మా," అన్నాడు. అని ఊరుకోక, కొంచెం గొంతు తగ్గించి, "ఏం జెయ్యాలె, ఇద్దరి మొఖాలు ఒక్క తీరుగ అలిసిపోయి ఉన్నయి. అందుకే తల్లీబిడ్డలనుకున్న," అన్నాడు.

ఆ మాటకు నవ్వు రాలేదు. నేను అత్తయ్య మొహంలోకి చూశాను. అలా నేరుగా చూసి ఎన్నాళ్ళయిందో. కళ్ళ కింద నల్లబడి ఉంది, పెదాలు ఎండి ఉన్నాయి. ఆవిడా నన్ను చూసింది. నా అలసటకు కారణం ఆవిడని నేను, ఆవిడ అలసటకు కారణం నేనని ఆవిడ అనుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్నాం. ఇద్దరి మొహాలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. అంతవరకూ పేరైనా తెలియని ఒక మనిషి చూశాడు.

బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా అని అతను అత్తయ్యను రెండు మూడు రకాలుగా అడిగాడు. "నాకు మోకాళ్ళే నాయనా పోయింది. గుండె రాయి," అంది ఆవిడ. పడవ చివర్లలో ఊపు ఎక్కువని మమ్మల్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాడు. కడ్డీ దించి రెండుసార్లు తట్టాడు. కింద సంచి పట్టుకుని నిలబడ్డ మా ఆయనకు వినబడేలా, "మంచిగ అరవున్రి. ఇంట్ల అరిస్తే పక్కింటోళ్ళు వింటరు. ఈడ ఎంత అరిచినా ఎందుకని అడిగేటోళ్ళు లేరు," అన్నాడు.

పడవ లేచింది. రెండో ఊపుకే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. మూడో ఊపుకు "ఓరి నాయనో" అని అరిచింది. నేనూ అరిచాను. మొదట భయానికే అరిచాను. తర్వాత పై వాటా వాళ్ళ నీళ్ళ మోటారు మీద, మా షిఫ్టు మేనేజరు మీద, రెండోసారి కడిగిన గిన్నెల మీద అరిచాను. మాటలేమీ లేవు, ఉత్త అరుపే. పక్కన అత్తయ్య ఎవరి మీద అరుస్తోందో నాకు తెలుసు. నా మీద కూడా ఉండే ఉంటుంది. దిగేసరికి ఆవిడ కొప్పు ఊడిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ నవ్వుతోంది. వచ్చి బెంచీ మీద కూలబడింది. నేను వెనక నిలబడి జుట్టు ముడివేశాను. ఆవిడ జుట్టు నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. వెనక వరసలోంచి దిగొచ్చిన పాప "నాన్నమ్మని ఏం అడగాలి?" అంది అలవాటుగా. ఏమీ అడగక్కర్లేదన్నాను.

ఆ రోజంతా మేం అన్నీ ఎక్కేసి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నామని రాయను. మధ్యాహ్నం మళ్ళీ ఎండకు విసిగిపోయాం. కానీ మేం ఎటు వెళ్ళినా మధ్యమధ్యలో కొలంబస్ వైపు నుంచి అతని గొంతు వినబడేది. ఏదో ఒక సంచి మనిషిని బెంచీ మీద నుంచి లేపుతూ, ఎవరో ఒక కొత్త బావను ఆటపట్టిస్తూ ఉండేవాడు. పార్కు వాళ్ళు అతన్ని ఇందుకు చాలాసార్లు కోప్పడ్డారని తర్వాత తెలిసింది. అందరితో వరసలు కలుపుతుంటే క్యూ నెమ్మదిస్తోందట.

సాయంత్రం ఉప్పల్ బస్సులో ముందు సీట్లో నీలం చొక్కా మనిషి ఒకడు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. టోపీ లేదు. మొహంలో నవ్వు లేదు. అతనేనని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. పాప వెళ్ళి "కొలంబస్ అంకుల్" అని భుజం తట్టింది. కళ్ళు తెరిచాడు. "జర ఆగు బిడ్డా, నవ్వు అచ్చేదాకా," అన్నాడు. నిజంగానే కొంచెం ఆగాక నవ్వాడు. ఆ ఆగిన కాసేపు నాకు ఇంకా గుర్తుంది. నవ్వడం కూడా నిలబడి చేసే ఉద్యోగమేనని నాకు అప్పుడు అర్థమైంది.

రోడ్డు పనుల వల్ల బస్సు నత్తనడక నడుస్తోంది. అత్తయ్య అడిగితే తన సంగతి చెప్పాడు. చిల్కానగర్‌లో ఇల్లు. భార్య, ఇద్దరు పిల్లలు. వాళ్ళ అమ్మ మాత్రం అన్నోజిగూడలో చెల్లెలి దగ్గర ఉంటోంది. అమ్మకూ భార్యకూ మాటల్లేవు. ఎందుకు పోయాయని అడిగితే, "నాకు తెల్వది అత్తమ్మా. వాళ్ళకు గూడ యాదికి ఉన్నదో లేదో," అన్నాడు. రోజూ డ్యూటీ దిగి అన్నోజిగూడలో ఆగేవాడు. అమ్మ అన్నం పెట్టేది, తినేవాడు. మళ్ళీ బస్సెక్కి చిల్కానగర్ వెళ్తే భార్య అన్నం పెట్టేది, అదీ తినేవాడు. ఇక్కడ తిన్నానని అక్కడ చెప్పలేడు, అక్కడ తింటానని ఇక్కడ చెప్పలేడు.

"గందుకే గీ పొట్ట," అని తట్టుకుని చూపించాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "పొద్దుందాక ఎవరెవరినో ఒక్క పడవల కూసోబెడత అక్కా. మా ఇంట్లోళ్ళను ఒక్క తాన కూసోబెట్టుడు నాతోని అయితలేదు," అన్నాడు. అతను కోరుకున్నది అదొక్కటే. ఆ తర్వాత అతన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో అతని నోటి నుంచి ఇంకో కోరిక నేను వినలేదు.

అత్తయ్య ఊరుకునే మనిషి కాదు. "రెండు చోట్లా తినడం మానెయ్ నాయనా. నాలుగు రోజులు పస్తుంటే ఇద్దరూ కంగారుపడి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడి తీరతారు," అని సలహా ఇచ్చింది. అతను నిజంగానే ప్రయత్నించాడట. బస్సు దిగే ముందు అత్తయ్య మా నంబరు ఇప్పించింది, తర్వాత ఫోన్‌లో చెప్పాడు. అన్నోజిగూడలో ఆకలి లేదన్నాడట. అమ్మ చేపల పులుసు మూత తీసేసరికి కూర్చుండిపోయాడట.

మేం ఇంటికొచ్చాక గుంటూరు టిక్కెట్టు ఎవరూ బుక్ చేయలేదు. చేద్దామని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. బడులు తెరిచారు, వానలొచ్చాయి, అత్తయ్య ఇక్కడే ఉంది. మేం తల్లీకూతుళ్ళమైపోయామంటే అది అబద్ధం. గిన్నెలు ఇప్పటికీ మళ్ళీ కడుగుతుంది. కానీ నేను డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు ఆవిడ ఒకసారి మొహంలోకి చూస్తుంది. చూసి టీ పెడుతుంది. అలాగే ఆవిడ మోకాళ్ళ దగ్గర చెయ్యి ఆగితే నేను చూస్తాను. ఇంత చిన్న విషయానికి ఒక బయటి మనిషికి జన్మంతా రుణపడి ఉండాలా అని మీరనుకోవచ్చు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాటల్లేకుండా బతికిన ఇల్లు మీరు చూసి ఉంటే అలా అనుకోరు.

ఆ తర్వాత అతను మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. డ్యూటీ లేని ఆదివారం చర్చి అయ్యాక, తెల్ల చొక్కాతో, జేబులో పల్లీలతో వచ్చేవాడు. మా ఆయన్ని గుమ్మంలోంచే "బావా" అని కేకేసేవాడు. మొదట్లో ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. కొన్నాళ్ళకు పేపరు దించి, "రావయ్యా," అనడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు "మీ తమ్ముడొచ్చాడు, ఉప్మాలో కాస్త రవ్వ ఎక్కువ వెయ్యి," అని లోపలికి కేకేసేవాడు. అత్తయ్యకు మాత్రం మొదటి నుంచీ అల్లుడే. హిందువులు, క్రైస్తవులు అనే లెక్క ఆవిడకు లేదని కాదు, బాగానే ఉంది. కానీ వరస కుదిరాక ఇంకేం చేస్తామనేది.

అతనిలో లోపాలు లేవా అంటే బోలెడు. వస్తానన్న రోజు వచ్చేవాడు కాదు. అబద్ధాలు అలవోకగా ఆడేవాడు, రెండు భోజనాలు అలవాటైన మనిషికి అవి రాక తప్పదు. ఇంకో సంగతి చెప్పాలి. అంతమందిని ఎక్కించిన మనిషి తను మాత్రం కొలంబస్ ఎక్కేవాడు కాదు. "నాకు కండ్లు తిరుగుతయ్ అక్కా. ఒక్కసారి ఎక్కి డోకుకున్న, సూపర్‌వైజర్ బూట్ల మీద," అని చెప్పి తనే ముందు నవ్వేవాడు.

కరోనాలో పార్కు మూసేశారు. అతను ఉప్పల్‌లో ఒక సిమెంటు దుకాణంలో చేరాడు. ఆ రోజుల్లో ఒకసారి రోడ్డు మీద కనబడ్డాడు. తల నిండా బూడిద రంగు దుమ్ము, మొహానికి మాస్కు. "సిమెంటు బస్తాలతోని ఏం మాట్లాడాలె అక్కా. బావా అంటే పలుకుతలేవు," అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. అతన్ని చూసి నాకు చాలా భయం వేసింది. మళ్ళీ పార్కు తెరిచి పిలిచినప్పుడు మొదటి ఫోన్ మాకే చేశాడు. అత్తయ్య దేవుడి ముందు దీపం పెట్టింది, అతని దేవుడికి కూడా అదే లెక్కలోకి వస్తుందని చెప్పి.

పార్కు వాళ్ళు ఏడాదికోసారి ఉద్యోగుల కుటుంబాలను లోపలికి రానిస్తారు. ఒక ఏడు అమ్మను తీసుకెళ్ళేవాడు, ఒక ఏడు భార్యను. ప్రతి వేసవికీ "ఈసారి ఇద్దరిని తెస్త అక్కా, నడుమ సీట్ల కూసోబెడత, కడ్డీ ఏస్తే ఏడికి పోతరు," అనేవాడు. ప్రతిసారీ ఎవరో ఒకరికి ఒంట్లో బాగుండేది కాదు. కిందటి నెల వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, భార్య తనను అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడిగిందని చెప్పాడు. "అడిగింది అక్కా. గంతే. నేను జవాబు చెప్పేలోపల లోపలికి పోయింది. అయినా అడిగింది గదా," అన్నాడు. ఆ రోజు పల్లీలన్నీ పాపకే ఇచ్చేసి వెళ్ళాడు. అదే చివరిసారి.

చిల్కానగర్‌లో వాళ్ళ ఇల్లు సన్నటి గల్లీ చివర. కబురు తెలిసిన మర్నాడు మేం వెళ్ళేసరికి షామియానా కింద పెట్టె ఉంది, పాటలు పాడుతున్నారు. పార్కు వాళ్ళు డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నారు, అందరూ పసుపుపచ్చ టీషర్టుల్లోనే ఉన్నారు. పెట్టెకు ఒక పక్కన అతని భార్య, ఇంకో పక్కన అన్నోజిగూడ నుంచి వచ్చిన తల్లి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక అత్తయ్యా నేనూ గల్లీలో కాసేపు నిలబడిపోయాం. చివరికి అత్తయ్య కర్ర ఊతంగా వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంది. నేను ఈ పక్కన కూర్చున్నాను. మా ఆయన పార్కు కుర్రాళ్ళతో పాటు నీళ్ళ డబ్బాలు మోస్తూ ఉండిపోయాడు.

అతని భార్యను నేను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఏడవడం అప్పటికే అయిపోయింది. "రోజు రాత్రి అన్నం పెడితే జర నెమ్మదిగ తినేటోడు అక్కా," అంది నాతో చిన్నగా. "ఆకలి లేనోని లెక్క. అక్కడ తినొచ్చిండని నాకు ఎరుకే. అడిగితే ఈడ తినుడు బంద్ జేస్తడని అడగలే." ఇన్నేళ్ళూ అతను దాచిపెట్టానని అనుకున్నది ఆమె దాచిపెడుతూ వచ్చింది. పెట్టెకు అవతల అతని తల్లి మా అత్తయ్యకు చెవిలో ఏదో చెబుతోంది. ఇంటికొచ్చాక అడిగితే అత్తయ్య చెప్పింది. అతను కడుపు నిండి ఇంటికి పోతే కోడలు చిన్నబోతుందని ఆ తల్లి రోజూ ఒక ముద్ద తక్కువే పెట్టేదట. ఇంకా కావాలని అతను అడిగినా అయిపోయిందనేదట.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక పెట్టె లేపారు. గల్లీలోకి బండి రాదు, మెయిన్ రోడ్డు దాకా నడవాలి. మిట్టమధ్యాహ్నం, సిమెంటు రోడ్డు కాలిపోతోంది. గుమ్మం ముందు కుప్పగా పడి ఉన్న చెప్పుల్లో ఆ తల్లి తనవి వెతుక్కోలేదు. వెతుక్కోవాలని కూడా తోచినట్టు లేదు. వట్టి కాళ్ళతో నడక మొదలుపెట్టింది. నాలుగడుగులకే కాళ్ళు కాలి, పాదాలు గబగబా ఎత్తి వేస్తూ, అయినా ఆగకుండా పెట్టె వెనక పోతోంది. ఆమె వెనకే కోడలు.

కోడలు చూసింది. అత్తను దాటి ఒక అడుగు ముందుకు వేసి, తన కాళ్ళ చెప్పులు విడిచి, వాటిని కాలితోనే తిప్పి అత్త పాదాల ముందుకు జరిపింది. ముసలావిడ ఆగింది. కోడలి మొహం వైపు చూడలేదు. చెప్పుల వైపే చూస్తూ ఒక్కో కాలూ వాటిలో పెట్టింది. ఆమెకవి పెద్దవి. వేళ్ళతో బిగించి పట్టుకుని మళ్ళీ నడిచింది. ఇది చూడాల్సిన మనిషి వాళ్ళకు నాలుగడుగుల ముందు, మూత వేసిన పెట్టెలో పోతున్నాడు. నా దుఃఖమంతా అక్కడే బయటికొచ్చింది. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది.

ముసలావిడ ఆ పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తోంది. పక్కన కోడలు, బండి దాకా, వట్టి కాళ్ళతో, గోడ నీడ దొరికిన చోట నీడలో, దొరకని చోట ఎండలో నడిచింది.